జొన్న రొట్టెల పొయ్యి దగ్గర మా అవ్వ సాక్ష్యం

మా అవ్వకు చదువు రాదు. బైబిల్ ఎవరితోనైనా చదివించుకుని వినేది, మా చిన్నాయన చదువుతూ ఎక్కడైనా ఒక ముక్క వదిలేస్తే టక్కున పట్టుకునేది. కర్నూలు పెద్దాసుపత్రికి కాస్త ఇవతల, రోడ్డు పక్కన పొయ్యి పెట్టుకుని సాయంత్రాలు జొన్న రొట్టెలు చేసి అమ్మేది. నాకు తెలిసిన మనుషుల్లో క్రీస్తు గురించి ఎక్కువ మందికి చెప్పింది ఎవరయ్యా అంటే నేను మా అవ్వ పేరే చెప్తాను. పెద్ద పెద్ద కూటాల్లో ప్రసంగించిన సేవకులను కూడా చూశాను, వాళ్ళ మీద నాకు గౌరవమే, అయినా అవ్వ పేరే చెప్తాను. ఈ మధ్య సంఘంలో ఎవరిని కదిలించినా "మాకు మాట్లాడటం రాదు బ్రదర్, అది పాస్టరయ్య పని" అంటున్నారు. చదువుకున్నవాళ్ళు, ఆఫీసుల్లో పదిమందిని నడిపించేవాళ్ళు ఆ మాట అంటుంటే మనసుకు కష్టంగా ఉంటుంది, అందుకే అవ్వ సంగతి రాయాలనిపించింది.

1980ల మాట ఇది. పెద్దాసుపత్రికి అప్పుడూ ఇప్పుడూ కర్నూలు వాళ్ళే కాదు, అనంతపురం నుంచి, మహబూబ్‌నగర్ నుంచి, గిద్దలూరు, మార్కాపురం వైపు నుంచి, అటు రాయచూరు నుంచి కూడా జనం వస్తారు. రోగి లోపల మంచం మీద ఉంటాడు, తోడు వచ్చినవాళ్ళు బయట చెట్ల కింద, వరండాల్లో తువ్వాలు పరుచుకుని పడుకుంటారు. వాళ్ళకు రాత్రికి తిండి కావాలి, అది చవగ్గా ఉండాలి, కడుపు నిండాలి. జొన్న రొట్టె, బుడ్డల (వేరుశనగ) చట్నీ, కావాలంటే ఒక ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ. అంతే అవ్వ దుకాణం. వేడినీళ్ళు పోసి పిండి పిసికి, పీట మీద అరచేత్తో తడుతూ రొట్టెను గుండ్రంగా తిప్పేది, ఆ తట్టే చప్పుడు ఒకే లయలో వచ్చేది, పెనం మీద వేసి తడి గుడ్డతో పైన నీళ్ళు అద్దేది. పొయ్యిలోకి పత్తి కట్టె, కంది కట్టె. నా పని కట్టె అందించడం, చిల్లర లెక్క చూడటం. స్కూలు నుంచి రాగానే సంచీ ఇంట్లో పడేసి అక్కడికి పోయేవాణ్ణి, హోంవర్కు కూడా అక్కడే, వీధి దీపం కింద.

వచ్చినవాళ్ళను అవ్వ మొదట అడిగేది ఒకటే. "యా ఊరు నాయనా మీది? ఎవరికి బాగలేదు?"

అడిగి ఊరుకునేది కాదు, వినేది. ఇది నేను గట్టిగా చెప్పాల్సిన విషయం. పెండ్లానికి కాన్పు కష్టమైనవాడు, కొడుకును పాము కరిచిందని తెచ్చినవాడు, నాయన్ను రోజుల తరబడి చూసుకుంటూ చేతిలో డబ్బులు అయిపోయినవాడు, అందరూ ఆ పొయ్యి ముందు గొంతుక్కూర్చుని చెప్పుకునేవాళ్ళు. మధ్యలో అవ్వ ఏమీ అనేది కాదు. "ఊఁ" అనేది, రొట్టె తిప్పేది. కొందరు తిని లేచి పోయేవాళ్ళు, అంతటితో సరి. కొందరు మాత్రం మళ్ళీ మరుసటి రోజు వచ్చి, ఆ మరుసటి రోజు కూడా వచ్చి, ఎప్పుడో ఒకసారి వాళ్ళే అడిగేవాళ్ళు, "నీకు ఎవరుండారు అవ్వా? ఈ వయసులో ఇట్లా పొయ్యి ముందు కూర్చుని ఎట్లా నవ్వుతా ఉండావు?" అని. అప్పుడు నోరు విప్పేది.

అవ్వ సాక్ష్యంలో, అంటే దేవుడు తనకు ఎట్లా తెలిశాడో చెప్పుకునే మాటలో, అద్భుతం లేదు. రోగం పోయింది, అప్పు తీరింది, కోర్టు కేసు గెలిచాము అన్న మాటలేవీ అందులో లేవు. అవ్వ పుట్టిల్లు, మెట్టినిల్లు రెండూ కోయిలకుంట్ల వైపు నల్లరేగడి పల్లెలు. అవ్వ రెండో బిడ్డ వాంతులు భేదులతో ఒక్క రాత్రిలో చనిపోయాడు. మా నాయన కంటే చిన్నవాడు, ఇంకా నడక కూడా సరిగా రాని పిల్లోడు. అవ్వ అన్నం మానేసి, ఎవరితో మాటలు మానేసి, ఒక రోజు బావి దాకా పోయి గట్టు మీద కూర్చుంది. ఊళ్ళో మిషన్ బడి ఉండేది, అందులో పంతులే ఉపదేశి, అంటే ఊరి సంఘానికి వాక్యం చెప్పేవాడు. ఆ ఉపదేశి భార్య నీళ్ళకు వచ్చి అవ్వను చూసి, కడవ కింద పెట్టి, పక్కన కూర్చుంది. మాట్లాడలేదంట. పొద్దు గుంకేదాకా కూర్చుని, ఇంటికి తోలుకొచ్చి, గంజి తాగించి పోయింది. రోజూ వచ్చేది. చాలా రోజుల తర్వాత చెప్పింది, తన బిడ్డ కూడా ఒకడు పోయాడని, తనకు ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో. అవ్వ మాటల్లోనే రాస్తాను: "నా బిడ్డ తిరిగి రాలేదు నాయనా. నేను అడిగినా, ఇయ్యలేదు. కానీ ఆ దేవుడు కూడా బిడ్డను పోగొట్టుకున్నోడే అని ఆయమ్మ చెప్పినప్పుడు, నా కడుపుకోత తెలిసినోడు పైన ఒకడుండాడని నాకు తెలిసింది. ఆ దినం నుంచి నేను ఒంటిదాన్ని కాదు."

ఇంతే. ఎవరికి చెప్పినా ఇదే చెప్పేది, ఒక మాట పెంచేది కాదు, ఒక మాట తగ్గించేది కాదు. ఆసుపత్రి బయట కూర్చున్నవాళ్ళకు, లోపల మంచం మీద ఉన్న మనిషి బతుకుతాడో లేదో తెలియనివాళ్ళకు, బతుకుతాడని హామీ ఇచ్చే మాటకంటే ఈ మాట ఎందుకు దగ్గరగా తగిలేదో నాకు అప్పుడు అర్థం కాలేదు, ఇప్పుడు అర్థమవుతుంది.

ఇంకో కట్టుబాటు పెట్టుకుంది అవ్వ. డబ్బు లేనివాడికి రొట్టె ఊరికే ఇచ్చేది, కానీ ఊరికే రొట్టె ఇచ్చిన రోజు వాడితో దేవుని మాట ఎత్తేది కాదు. నేను ఒకసారి ఎందుకని అడిగితే, "రొట్టె తిన్న మొహమాటానికి వాడు తల ఊపుతాడు. ఆ ఊపు నాకెందుకు, దేవునికెందుకు?" అన్నది. చిన్నపిల్లోణ్ణి, విని ఊరుకున్నాను. పెద్దయ్యాక ఒంగోలు మిషన్ చరిత్ర చదువుతుంటే ఈ మాట మళ్ళీ గుర్తొచ్చింది. 1876 నుంచి 78 దాకా వచ్చిన పెద్ద కరువు మన కర్నూలు, కడప, బళ్ళారి వైపు ఎంత మందిని తీసుకుపోయిందో పెద్దలు తరతరాలుగా చెప్పుకున్నదే. అటు ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర ఆ కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. ఆ కరువు కాలమంతా ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. అడిగినవాళ్ళకు కూడా ఇవ్వలేదు, కూడు కోసం వస్తున్నారేమో అన్న అనుమానం ఎవరికీ రాకూడదని. కరువు తగ్గి, సాయం పంచడం ముగిశాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్క రోజునే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ సంఖ్యను మన ప్రసంగాల్లో బాగా చెప్తారు. దానికి ముందు ఆపేసిన ఆ నెలల గురించి కూడా అంతే బాగా చెప్పాలని నా కోరిక, ఎందుకంటే మన మీద ఎప్పుడూ పడే నింద అదే కదా, బియ్యం ఇచ్చి మతం మార్చారని.

ఆ 2,222 మంది వెనక ఒక తోళ్ళ వ్యాపారి ఉన్నాడు, ఆయన సంగతి ఇంకా తక్కువ చెప్తారు. యెర్రగుంట్ల పేరయ్య, తాళ్ళకొండపాడు మనిషి. తోళ్ళు కొనడానికి ఊళ్ళు తిరుగుతూ ఎక్కడో సువార్త విన్నాడు, ఇంటికి వచ్చి భార్య నాగమ్మకు చెప్పాడు, తర్వాత తోళ్ళ మూటతో ఏ ఊరికి పోయినా అదే మాట చెప్తూ పోయాడు. ఆ ఇద్దరూ 1866లో బాప్తిస్మం తీసుకున్నారు. దొర తాళ్ళకొండపాడు వైపు వెళ్ళేసరికి అక్కడ వినడానికి మనుషులు సిద్ధంగా ఉన్నారంటే, ఆ నేల దున్నింది పేరయ్య. అతనికి జీతం లేదు, బిరుదు లేదు, మైకు లేదు. ఉన్నదల్లా వ్యాపారం మీద తిరిగే కాళ్ళు, పరిచయమున్న ఇళ్ళు. మనలో బస్సు డ్రైవర్లు ఉన్నారు, ఎల్‌ఐసీ ఏజెంట్లు ఉన్నారు, నర్సమ్మలు ఉన్నారు, బట్టల కొట్టు గుమాస్తాలు ఉన్నారు. పాస్టరయ్య అడుగు పెట్టలేని ఇళ్ళల్లోకి మనం రోజూ పోతున్నాం, కాఫీ తాగుతున్నాం.

మా నాయన బట్టల కొట్టు గుమాస్తానే. నలుగురిలో మాట్లాడాలంటే చెమటలు పట్టే మనిషి. సంఘంలో సాక్ష్యాల సమయం వస్తే తల వంచుకుని కూర్చునేవాడు. కానీ ఆయనకు ఊళ్ళో చిన్ననాటి స్నేహితుడు ఒకాయన ఉండేవాడు, రెడ్లాయన, పొలం చేసుకుంటాడు. ఆయనకు నాయన ఇన్‌లాండ్ లెటర్లు రాసేవాడు, సంవత్సరాల తరబడి. ఆ నీలం కాగితంలో మూడు వైపులా నింపి, మడత పెట్టే అంచు మీద కూడా రాసేవాడు. వానలు ఎట్లున్నాయి, పత్తి ధర ఎంత పలికింది, మావోడు ఎనిమిదో తరగతి పాసైనాడు, ఆ మధ్యలోనే ఒక పేరా, ఈ వారం ప్రార్థనలో నిన్ను తలుచుకున్నాను మామా, ఫలానా వాక్యం చదువుతుంటే నీ బోరు ఎండిపోయిన సంగతి గుర్తొచ్చింది అని. ఆయన కూడా జవాబు రాసేవాడు. ఒప్పుకునేవాడు కాదు, వాదించేవాడు కూడా కాదు, "మీ ఏసు సామి మంచోడే మామా, మా ఎంకటేశ్వర సామి కూడా మంచోడే" అని రాసేవాడు, నాయన చదివి నవ్వుకుని మళ్ళీ రాసేవాడు. మా నాయన పోయినప్పుడు ఆయన వచ్చాడు. సమాధుల తోటలో మట్టి వేశాక మా చేతుల్లో ఒక గుడ్డ సంచీ పెట్టాడు, నిండా ఆ ఉత్తరాలే. ఒక్కటి కూడా పారేయలేదు. ఆయన బాప్తిస్మం తీసుకోలేదు, ఆ సంగతి దాచి కథను తీపి చేయడం నాకు ఇష్టం లేదు. ఒక మనిషి ఇంకొక మనిషి కోసం అన్నేళ్ళు ప్రార్థించాడు, అది ఆ మనిషికి తెలుసు, ఆ కాగితాలు విలువైనవని దాచుకున్నాడు. తర్వాతిది దేవుని పని.

ఇంట్లో ఒక పాత రేడియో ఉండేది. సాయంత్రాలు షార్ట్‌వేవ్‌లో, సముద్రాల అవతల సీషెల్స్ దీవుల నుంచి ఫీబా అనే క్రైస్తవ రేడియో తెలుగు కార్యక్రమం వచ్చేది. గరగరమనే శబ్దంలో మాట వచ్చి పోయి వచ్చి పోయి ఉండేది, నాయన చెవి ఆనించుకుని ముల్లు తిప్పుతూ ఉండేవాడు. వేసవిలో వీబీఎస్ (సెలవుల బైబిల్ బడి), డిసెంబరులో స్టార్ పట్టుకుని క్యారల్స్, స్కూలు గేటు దగ్గర పంచిన అరచేతి అంత కొత్త నిబంధన, పోస్టులో వచ్చే బైబిల్ పాఠాలకు జవాబులు రాసి పంపితే వచ్చే సర్టిఫికెట్. ఆ రోజుల్లో పెరిగిన క్రైస్తవ పిల్లలందరికీ ఇవి గుర్తుంటాయి.

పక్కింట్లో సాయబుల కుటుంబం. వాళ్ళ అవ్వకూ మా అవ్వకూ మధ్య గోడ ఒకటే, మాటలు రోజంతా. రంజాన్ నాడు వాళ్ళింటి నుంచి షీర్ ఖుర్మా గిన్నె వచ్చేది, క్రిస్మస్‌కు మా ఇంటి నుంచి కజ్జికాయలు, కారాలు పోయేవి. మా అవ్వ ఏసు ప్రభువు గురించి చెప్పేది, ఆ అవ్వ ఈసా నబీ (ఏసును వాళ్ళు పిలిచే పేరు) గురించి వాళ్ళు నమ్మేది చెప్పేది. ఎక్కడ కలుస్తుందో, ఎక్కడ కలవదో ఇద్దరికీ తెలుసు. సిలువ దగ్గరికి వచ్చేసరికి ఆ అవ్వ "అది మేము ఒప్పుకోము అక్కా" అనేది, మా అవ్వ "నాకు అదే ముఖ్యం చెల్లీ" అనేది, ఆ తర్వాత ఇద్దరూ కలిసి చింతపండు గింజలు తీసేవాళ్ళు. ఇంకొకరి విశ్వాసాన్ని తిట్టకుండా మన విశ్వాసం చెప్పలేమా అని ఎవరైనా అడిగితే, చెప్పవచ్చు, నేను గోడ ఇవతల కూర్చుని విన్నాను. ఇప్పుడు కొంతమంది యూట్యూబ్‌లో ఇతరుల దేవుళ్ళను వెక్కిరిస్తూ మాట్లాడి దాన్ని సువార్త అంటున్నారు. అది సువార్త కాదు. వాళ్ళ వీడియో వల్ల పల్లెలో ఒంటరిగా ఉన్న విశ్వాసి కుటుంబానికి ఎంత చేటు జరుగుతుందో వాళ్ళకు పట్టదు.

అవ్వ పోయాక చాలా ఏళ్ళకు వచ్చింది 2009 వరద. కర్నూలు వాళ్ళకు ఆ తేదీ చెప్పక్కర్లేదు, అక్టోబరు 2, గాంధీ జయంతి. తుంగభద్ర, హంద్రీ రెండూ ఒక్కసారి ఊరి మీద పడ్డాయి. శ్రీశైలానికి అప్పుడు వచ్చిన నీళ్ళు 25 లక్షల క్యూసెక్కులకు పైగా అని తర్వాత తెలిసింది, ఆ ప్రాజెక్టు కట్టినప్పుడు వేసుకున్న అంచనాను ఎంతో దాటిపోయిన వరద. మాకు ఆ రాత్రి లెక్కలేవీ తెలియవు, వాకిట్లోకి వచ్చిన నీళ్ళు మంచం ఎత్తుకు రావడం మాత్రమే తెలుసు. మా ఇల్లు రేకుల ఇల్లు. పక్కింటి సాయబుల మిద్దె ఎత్తు, వాళ్ళే పిలిచి చేయి పట్టి పైకి లాగారు. ఎదురింటి శెట్టి గారి కుటుంబం కూడా అక్కడికే వచ్చింది. చీకట్లో వానలో ఒక మిద్దె మీద మూడు మతాల కుటుంబాలు, పిల్లలు, ఒక మేక. కింద ఎవరివో బియ్యపు డబ్బాలు, బల్లలు, చచ్చిన గొడ్లు కొట్టుకుపోతున్నాయి. వాళ్ళు వాళ్ళ దువా చేసుకున్నారు, శెట్టి గారి భార్య గోవిందా అంటూ కూర్చుంది, మా అమ్మ కళ్ళు మూసుకుని పెదాలు కదిలిస్తూ ఉంది.

మా అమ్మ గురించి ఒక మాట. అవ్వలా మాటకారి కాదు. సంఘంలో ముందు వరసలో కూడా కూర్చోదు. సువార్త పనికి స్త్రీలు జట్లుగా వెళ్ళేటప్పుడు అమ్మ చర్చిలో ఉండి వాళ్ళకు అన్నం వండేది. "నాకు రాదు" అనేది నిజంగానే.

నీళ్ళు తీసిన తర్వాత మిగిలింది బురద. మోకాలి లోతు, కంపు, గోడల మీద నీటి గీత తల కంటే ఎత్తులో. నంద్యాల వైపు నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో సంఘాల పిల్లలు పారలు, బకెట్లు తీసుకుని వచ్చారు. మసీదు దగ్గర పెద్ద పెద్ద డేగిసాల్లో అన్నం వండి అందరికీ పెట్టారు. మా ఇంటికి వచ్చిన కుర్రాళ్ళతో అమ్మ ఒకటే చెప్పింది, "ముందు శెట్టిగారి అంగడి కడగండి నాయనా, వాళ్ళకు జీవనాధారం అదే, మాకేముంది." వాళ్ళు సరుకంతా పోగొట్టుకున్నారు. పప్పులు, చక్కెర, బెల్లం, అంతా ఒక ముద్దై పోయింది. ఆమె అంగడి మెట్ల మీద కూర్చుని ఏడవడం కూడా చేతకాక చూస్తూ ఉండేది. అమ్మ వెళ్ళి పక్కన కూర్చునేది, చేతనైనంత బురద ఎత్తేది, మధ్యాహ్నం ఇద్దరూ ఒకే పొట్లం తినేవాళ్ళు.

కొన్నాళ్ళకు ఆమే అడిగింది. నేను అక్కడే తలుపు చట్రానికి మేకు కొడుతున్నాను. "మీ ఇల్లు కూడా పోయింది కదా వదినా. మీరు ఎట్ల ఇంత నిబ్బరంగా ఉండారు?"

అమ్మ వెంటనే ఏమీ అనలేదు. తర్వాత చెప్పింది: "నాకూ నిబ్బరం లేదు వదినా. ఆ రాత్రి మిద్దె మీద నాకు కాళ్ళు వణికినాయి. మా అత్త చెప్పేది, నువ్వు ఒంటిదానివి కాదు అని. అదే అనుకుంటా కూర్చున్నా. ఏసయ్యా, పోతే నీ దగ్గరికే పోతాము, ఉంటే నువ్వే చూసుకుంటావు అన్నా. నీళ్ళు తగ్గలేదు, భయం తగ్గింది. నీ కోసం కూడా అడిగినా." శెట్టి గారి భార్య అమ్మ చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ప్రసంగం అనడానికి అందులో ఏమీ లేదు. అయినా పేతురు బైబిల్‌లో తన మొదటి పత్రికలో (ఉత్తరంలో) రాసింది అదే కదా, మీలో ఉన్న నిరీక్షణకు (ఆశకు) కారణం ఏమిటని అడిగినవాళ్ళకు జవాబు చెప్పడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉండండి, అయితే సాత్వికంతో చెప్పండి అని. ఆ జవాబు అమ్మ చాలా ఏళ్ళుగా వండి పెడుతూ, ప్రార్థన చేసుకుంటూ లోపల సిద్ధం చేసుకునే ఉంది, అడిగేవాళ్ళు అప్పుడు వచ్చారు. శెట్టి గారి భార్య ఇప్పటికీ తన గుడికి పోతుంది. కొడుక్కు పరీక్షలున్నా, కోడలికి కాన్పు ఉన్నా అమ్మ దగ్గరికి వచ్చి "వదినా, ఆ కీర్తన చదువు" అంటుంది. అమ్మ ఇరవై మూడో కీర్తన చదువుతుంది.

అవ్వకు బాగా ఇష్టమైన బైబిల్ మనిషి యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలోని పుట్టు గుడ్డివాడు. పెద్ద పెద్ద పండితులు వాణ్ణి నిలబెట్టి, చూపు ఇచ్చిన ఏసు పాపి అవునా కాదా అని అడిగితే, అది నాకు తెలియదు, నేను గుడ్డివాణ్ణి, ఇప్పుడు చూస్తున్నాను, అది తెలుసు అంటాడు. ఆ చోటు వచ్చినప్పుడల్లా అవ్వ తొడ చరిచి "బాగా చెప్పినాడు" అనేది. మార్కు ఐదో అధ్యాయంలో దయ్యాలు వదిలిన మనిషి పడవ ఎక్కి నీతోనే వస్తానని ప్రభువును బతిమాలితే, ప్రభువు ఎక్కించుకోలేదు, నీ ఇంటికి పో, నీ వాళ్ళకు చెప్పు అన్నాడు. బావి దగ్గర ప్రభువుతో మాట్లాడిన సమరయ స్త్రీ కడవ అక్కడే వదిలేసి ఊళ్ళోకి పరుగెత్తింది. వీళ్ళలో ఎవరూ బైబిల్ కాలేజీకి పోలేదు, తమకు తెలిసినదే, తమను ఎరిగినవాళ్ళకే చెప్పారు.

మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అజరయ్య గారు 1912లో బిషప్ అయ్యారు, దోర్నకల్ కేంద్రంగా మన తెలుగు పల్లెల్లో పనిచేశారు. బాప్తిస్మం పొందినవాళ్ళ చెయ్యి వాళ్ళ తల మీదే పెట్టించి, నేను బాప్తిస్మం పొందిన క్రైస్తవుణ్ణి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ (నాకు కీడు) అని పలికించేవారు. అందులో కూలీలున్నారు, చదువు రాని ముసలివాళ్ళున్నారు. ఇప్పుడు మన సంఘాల్లో బాప్తిస్మం అయ్యాక ఫొటో, కేకు, సర్టిఫికెట్. ఫొటో తీసుకోండి, సంతోషమే, ఆ తలమీద చెయ్యి కూడా తిరిగి తెచ్చుకుందాం.

మనవాళ్ళు ఎందుకు నోరు మూసుకున్నారో నాకు తెలియనిది కాదు. కుల సర్టిఫికెట్ భయం ఒకటి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైతే ఎస్సీ హోదా పోతుంది, మన రాష్ట్రంలో బీసీ-సీ (వెనుకబడిన తరగతుల్లో ఒక విభాగం) కిందికి వస్తారు, చదువు, ఉద్యోగం అన్నీ దాని మీద ఆధారపడి ఉన్న ఇంట్లో ఆ భయం చిన్నది కాదు. మా ఇంట్లో బీసీ-సీ సర్టిఫికెట్టే, దాని బరువు మాకు తెలుసు. గొడవలు అవుతాయన్న భయం ఇంకొకటి. దాని గురించి మాత్రం తెలుసుకుని మాట్లాడాలి. మన రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని నమ్మడానికి, ఆచరించడానికి, ప్రచారం చేయడానికి హక్కు ఇచ్చింది, శాంతిభద్రతలు, నైతికత, ఆరోగ్యం అన్న హద్దులకు లోబడి. 1977లో సుప్రీంకోర్టు ఇంకో మాట కూడా చెప్పింది, మన నమ్మకం వివరించే హక్కు ఉంది, ఇంకొకరిని మతం మార్చే హక్కు అంటూ ఏదీ లేదని. విశ్వాసిగా నాకు ఆ తీర్పుతో పేచీ లేదు, మనసు మార్చేవాడు దేవుడు అని మనం నమ్ముతాం కదా. తిరుమల లాంటి పుణ్యక్షేత్రాల్లో వేరే మత ప్రచారం చేయకూడదని 2007లో మన రాష్ట్రంలో చట్టమే వచ్చింది. చట్టం లేకపోయినా గుడి మెట్ల దగ్గర, దర్గా గుమ్మంలో కరపత్రం పంచడం మర్యాద కాదు. జబ్బు చేసినవాడికి మాత్రలు మానేయమని చెప్పడం మరీ ఘోరం, ప్రార్థన చేయండి, ఆసుపత్రికి తోడు కూడా వెళ్ళండి.

నేను ప్రభుత్వ బడిలో టీచర్ని, ఆదోని వైపు. క్లాసులో పిల్లలకు నేను మతం చెప్పను. బెత్తం నా చేతిలో, మార్కులు నా చేతిలో ఉన్నప్పుడు చెప్తే అది అవ్వ వద్దన్న ఊరికే రొట్టె లాంటిదే అవుతుంది. స్టాఫ్ రూంలో సమానుల మధ్య మాత్రం దాచను. మధ్యాహ్నం టిఫిన్ తీసినప్పుడు కళ్ళు మూసుకుంటాను, అది అందరికీ తెలుసు. లెక్కల సారు ఒకాయన ఉన్నారు, బాగా చదువుకున్న మనిషి, దేవుడు లేడంటారు. మా ఇద్దరికీ చాలాకాలంగా స్నేహం. వాళ్ళ నాన్నగారికి పక్షవాతం వచ్చినప్పుడు పెద్దాసుపత్రిలో రాత్రులు వంతులు వేసుకుని ఉన్నాం. మొన్న బస్సులో వస్తూ అడిగారు: "మీ దేవుడు మంచివాడైతే మా నాన్న లాంటి మనిషిని ఇట్లా మంచంలో ఎందుకు పడేశాడు సార్? పాఠం చెప్పినట్టు చెప్పొద్దు. మీరు నిజంగా ఏమనుకుంటున్నారో చెప్పండి."

బస్సులో చెప్పే సంగతి కాదు, ఆదివారం ఆరాధన అయ్యాక మీ ఇంటికి వస్తాను అన్నాను. సరే అన్నారు. నాకు ఆ ప్రశ్నకు పూర్తి జవాబు లేదు, అవ్వకు కూడా లేదు. ఆమెకు బావి గట్టు మీద జరిగింది తెలుసు, మా అమ్మకు మిద్దె మీద జరిగింది తెలుసు, నాయన పోయిన రాత్రి నాకు జరిగింది నాకు తెలుసు. అవి చెప్తాను. ముందు ఆయన నాన్నగారి పక్కన కాసేపు కూర్చుంటాను, పెద్దాయనకు మాట సరిగా రాదు గాని ఎవరైనా వస్తే కళ్ళతో పలకరిస్తారు. మీరు కూడా ప్రార్థనలో ఆ ఇంటిని జ్ఞాపకం చేసుకోండి.